పంక్తిలో నుండి లేచిన పేతురు – మినియాపొలిస్‌లో 1888 నాటి సభ



ఈ దినము మన ధ్యానము కొరకు గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము, 11 నుండి 16 వచనములు తీసుకుందాము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి ఎదుట పెట్టుకోండి. ప్రయాణములో ఉండి వింటున్నవారు ఇంటికి వెళ్లిన తరువాత చదువుకోండి.

అంతియొకయలో ఏమి జరిగింది? కేఫా, అనగా పేతురు, అక్కడికి వచ్చాడు. అన్యజనులలో నుండి ప్రభువును నమ్ముకున్నవారితో కలిసి కూర్చుని భోజనము చేస్తున్నాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇంతలో యెరూషలేము నుండి, యాకోబు దగ్గర నుండి, కొందరు వచ్చారు. వాళ్లను చూడగానే పేతురుకు భయము పట్టుకున్నది. మెల్లగా పంక్తిలో నుండి లేచాడు. పెద్దాయన లేస్తే చిన్నవాళ్లు కూర్చుంటారా? మిగిలిన యూదులు కూడా లేచారు. చివరికి బర్నబా సహితము లేచాడు. మన ఊళ్లలో పంక్తి భోజనమంటే ఏమిటో, పక్కన కూర్చున్న మనిషి విస్తరి ముందు నుండి లేచి వెళ్లిపోతే మిగిలినవారి మనసుకు ఎక్కడ తగులుతుందో నేను మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

పేతురు సామాన్యుడు కాడు. ప్రభువుతో మూడున్నర సంవత్సరాలు తిరిగినవాడు. పెంతెకొస్తు దినమున నిలువబడి ప్రసంగము చేసినవాడు. పౌలు ఎవరు? తరువాత వచ్చినవాడు. సంఘమును హింసించినవాడు. అయినా పౌలు ఆయనను అందరి యెదుట, ముఖాముఖిగా అడిగాడు. ఎందుకు అడిగాడో 14వ వచనము చెబుతుంది: వాళ్ల నడక సువార్త సత్యమును బట్టి సరిగా లేదు. గమనించండి. పేతురు తప్పుడు బోధ ఏమీ చేయలేదు. అక్కడ ప్రసంగమే లేదు. లేచి వెళ్లాడు, అంతే. అయితే ఒక నాయకుడు ఎవరితో కూర్చుంటాడు, ఎవరిని చూసి లేస్తాడు అనేది కూడా బోధేనని పౌలు అంటున్నాడు. విశ్వాసము వలననే మనుష్యుడు నీతిమంతుడని తీర్చబడతాడు అనే గొప్ప సత్యము ఈ పత్రికలో మొట్టమొదట కనిపించేది ఈ గొడవ తరువాతనే, 16వ వచనములో.

మనము ఈ రెంటినీ విడదీశాము. సిద్ధాంతము సెమినరీలో చదివినవాళ్లది, నాయకత్వము కమిటీలో కూర్చున్నవాళ్లది అని పంచుకున్నాము. ఈ పంపకము ఎంత ప్రమాదమో తెలియాలంటే, అడ్వెంటిస్టు సంఘ చరిత్రలో ఒక సభను గురించి మీరు తెలుసుకోవాలి. అది 1888వ సంవత్సరములో అమెరికాలోని మినియాపొలిస్ పట్టణములో జరిగిన జనరల్ కాన్ఫరెన్స్ సభ. మన సంఘ సభ్యులలో చాలామంది ఆ సంవత్సరము పేరు విన్నారు గాని లోపల ఏమి జరిగిందో వినలేదు. ఇతర సంఘములకు చెందిన శ్రోతలు కూడా విసుగు చెందక వినండి. ఇటువంటి సభ మీ సంఘములో కూడా జరిగి ఉంటుంది, సంవత్సరమే వేరు.

మొదట కొంచెము వెనుకకు వెళదాము. సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘము 1863లో జనరల్ కాన్ఫరెన్స్‌గా ఏర్పడినప్పుడు సభ్యులు సుమారు 3,500 మంది మాత్రమే. పది సంవత్సరములు గడిచాయి. అప్పటి అధ్యక్షుడు జి. ఐ. బట్లర్ గారు 1873లో నాయకత్వమును గురించి ఒక వ్యాసము వ్రాశారు. దేవుడు ఏ గొప్ప పని జరిగించినా దానికి కనబడే నాయకుడు ఒకడుంటాడు, మోషే వలె. మిగిలినవారు ఆయన తీర్పును గౌరవించి లోబడాలి అన్నది దాని సారము. ఆయన మనసులో ఉన్న నాయకుడు తాను కాదు, జేమ్స్ వైట్ గారు. ఆ సంవత్సరపు సభ దానిని ఆమోదించింది కూడా. వినడానికి వినయముగానే ఉంది కదా? తనకంటె పెద్దవానికి పెద్దరికము ఇస్తున్నాడు.

కాని 1875లో ఎలెన్ వైట్ అమ్మగారు బట్లర్ గారికి సూటిగా వ్రాశారు. ఆ నాయకుడని చెప్పబడినది ఆమె సొంత భర్తే, అయినా ఆమె ఆ ఆలోచనను ఒప్పుకోలేదు. ఒక మనిషి మనసూ ఒక మనిషి తీర్పూ సంఘమంతటినీ నడపకూడదు, సంఘమంతా కూడి చేసే తీర్మానమునకు ఒక్క మనిషి అభిప్రాయముకంటె ఎక్కువ విలువ ఉన్నది అని ఆమె హెచ్చరిక. 1877లో సభ ఆ వ్యాసములోని ఆ భాగమును వెనుకకు తీసుకున్నది. దేవుని క్రింద అత్యున్నత అధికారము ఏ ఒక్కరిదీ కాదు, సభగా కూడిన సంఘముదే అని తీర్మానము వ్రాసుకున్నారు.

తీర్మానము పుస్తకములో ఉన్నది. మనసులో ఉన్నదా? అది పదకొండు సంవత్సరముల తరువాత బయటపడింది.

గొడవకు కారణము గలతీ పత్రికే. మూడవ అధ్యాయము 24వ వచనములో ధర్మశాస్త్రము మనలను క్రీస్తునొద్దకు నడిపించే బాలశిక్షకుడని పౌలు అంటాడు. ఏ ధర్మశాస్త్రము? బలులు, పండుగలు, సున్నతి – అటువంటి ఆచార ధర్మశాస్త్రమా? లేక పది ఆజ్ఞలా? బట్లర్ గారూ, రివ్యూ అండ్ హెరాల్డ్ పత్రిక సంపాదకుడైన యూరయా స్మిత్ గారూ అది ఆచార ధర్మశాస్త్రమే అన్నారు. కాలిఫోర్నియాలో సైన్స్ ఆఫ్ ది టైమ్స్ పత్రికను నడుపుతున్న ఇద్దరు యువకులు, ఇ. జె. వ్యాగనర్, ఎ. టి. జోన్స్, అది పది ఆజ్ఞలను కూడా చెబుతున్నది అన్నారు. ఆజ్ఞ మన పాపమును చూపించి, మన చేత కాదని ఒప్పించి, క్రీస్తు దగ్గరకు తరుముతుందని వారి బోధ.

ఇంత చిన్న విషయానికి అంత గొడవా అని మీరు అనుకోవచ్చు. పెద్దల పక్షము కూడా న్యాయముగా చూడాలి. నలభై సంవత్సరములుగా వాళ్లు ఊరూరా సబ్బాతును బోధిస్తూ వచ్చారు. ఎదుటివాళ్లు ప్రతిచోటా గలతీ పత్రికను తెరచి, బాలశిక్షకుని పని అయిపోయింది, పది ఆజ్ఞలూ అయిపోయాయి, సబ్బాతూ అయిపోయింది అని వాదించేవారు. దానికి మనవాళ్లు కట్టుకున్న గోడ ఏమిటంటే, గలతీలో ఉన్నది ఆచార ధర్మశాస్త్రమే అన్న మాట. ఇప్పుడు సొంత పిల్లలే వచ్చి ఆ గోడను తీసేస్తున్నారు! భయము పుట్టదా? పుడుతుంది. పేతురుకు యెరూషలేము నుండి వచ్చినవారిని చూసి పుట్టిన భయము వంటిదే ఇది. మనవాళ్లు ఏమంటారో, ఎదుటివాళ్లు ఏమంటారో అన్న భయము.

అయితే భయము పుట్టినప్పుడు ఏమి చేశారు? బట్లర్ గారు 1886లో గలతీ పత్రికలోని ధర్మశాస్త్రమును గురించి 85 పేజీల చిన్న పుస్తకము అచ్చు వేయించి, ఆ సంవత్సరపు జనరల్ కాన్ఫరెన్స్ ప్రతినిధులకు పంచిపెట్టారు. వాదము తేల్చడానికి తొమ్మిది మందితో కమిటీ వేశారు. ఐదుగురు ఒక పక్క, నలుగురు ఒక పక్క. తేలలేదు. ఐదు చేతులు ఒక పక్క లేచినంత మాత్రాన పౌలు భావము ఆ పక్కకు వచ్చేస్తుందా? మన కమిటీలలో కూడా ఈ పొరపాటు జరుగుతూనే ఉంటుంది. సంఘపు గోడకు ఏ రంగు వేయాలో చేతులెత్తి తేల్చవచ్చు, పౌలు ఏమన్నాడో తేల్చడానికి పౌలు వ్రాసినది చదవాలి.

మినియాపొలిస్ సభ 1888 అక్టోబరు 17న మొదలై నవంబరు 4 వరకు జరిగింది. దానికి ముందు ఒక వారము పాస్టర్ల కూడిక. ప్రతినిధులు సుమారు 90 మంది. బట్లర్ గారు రాలేదు. నిజముగానే జబ్బుపడి, పనిభారముతో నలిగిపోయి, బాటిల్ క్రీక్‌లోనే ఉండిపోయారు. కాని ఆయన మనసు మాత్రము సభలోనే ఉంది. కాలిఫోర్నియావాళ్లు కుట్ర చేస్తున్నారని ఆయనకు ఎవరో చేరవేశారు. ఎలెన్ వైట్ అమ్మగారు కూడా వాళ్లతో చేరి తనను విడిచిపెట్టారని నొచ్చుకుని, ఆమెకు చాలా పొడుగైన ఉత్తరము వ్రాశారు. సభకు టెలిగ్రాము ఇచ్చారు. పాత గుర్తుల దగ్గరే గట్టిగా నిలబడండి అన్నది దాని భావము.

పాత గుర్తులు! ఎంత మంచి మాట! యిర్మీయా పురాతన మార్గములను గురించి చెప్పాడు. సామెతల గ్రంథము పితరులు వేసిన పొలిమేర రాతిని తీయవద్దన్నది. కాని పాత గుర్తు ఏదో తేల్చేది ఎవరు? బాలశిక్షకుడు ఆచార ధర్మశాస్త్రమే అన్న వివరణ పితరులు వేసిన పొలిమేర రాయా? కానే కాదు. వ్యాగనర్ తండ్రి జె. హెచ్. వ్యాగనర్ గారు 1850లలోనే అది నీతి ధర్మశాస్త్రమని పుస్తకము వ్రాశారు. అంటే కొడుకు చెప్పినదే ఇంకా పాతది! మన సంఘములలో కూడా మన పితరుల ఆచారము అని పెద్దలు పట్టుబట్టే సంగతులు కొన్ని విచారిస్తే, ముప్పై సంవత్సరముల క్రితము ఒక పాస్టరుగారు వచ్చి పెట్టినవని తేలుతుంది. అది అలా ఉంచుదాము.

సభలో ఒక ప్రతినిధి లేచి, బట్లర్ గారు వచ్చేవరకు ఈ చర్చ ఆపివేయాలని కోరాడు. మర్యాదగా ఉన్నట్టే ఉంది. పెద్దాయన లేనప్పుడు ఎలా మాట్లాడుకుంటాము అన్నది మన తెలుగువారి మర్యాద కూడా. ఎలెన్ వైట్ అమ్మగారు వెంటనే లేచి అడ్డుపడ్డారు. దేవుడు తన పనిని ఒక మనిషి కోసము నిలిపివేయడు, సత్యమేదో ఇప్పుడే, ఇక్కడే, వాక్యమునుండి చూడండి అన్నది ఆమె వాదన.

ఇక్కడ మీరు ఇంకొక సంగతి చూడాలి. నాకు మినియాపొలిస్ కథలో అన్నిటికంటె విలువైనది ఇదే. ఆ గొడవను ఆమె ఒక్క మాటతో తేల్చవచ్చు. ఇరు పక్షాలూ ఆమెకు ప్రవచన వరము ఉన్నదని నమ్ముతున్నవే. ఎన్నో సంవత్సరముల క్రితము తండ్రి వ్యాగనర్‌కు ఆమె ఈ విషయమై వ్రాసిన ఉత్తరమొకటి ఉన్నదని బట్లర్ గారి నమ్మకము. అది దొరికితే చాలు, చిన్న వ్యాగనర్ నోరు మూయించవచ్చు. ఆమె వెదికారు, అది దొరకలేదు. దొరకకపోవడము దేవుని ఏర్పాటే కావచ్చునని ఆమె అనుకున్నారు. దొరికితే వీళ్లు లేఖనాలను వెదకడము మానేసి నా ఉత్తరము మీద పడతారు, అందుకే దేవుడు దానిని దాచి ఉంటాడు అని ఆమె భావము. తన చేతిలో ఉన్న అధికారమును ఆ విధముగా పక్కన పెట్టగలిగినవారు ఎంతమంది ఉన్నారు? ఆ సభలో పదవి లేనిది ఆమెకే. నాయకత్వము చేసినది కూడా ఆమెయే అని నా అభిప్రాయము.

వ్యాగనర్ ప్రసంగాలకు జవాబు చెప్పడానికి పెద్దల పక్షాన జె. హెచ్. మోరిసన్ అనే పాస్టరుగారిని నిలబెట్టారు. ఆయన తరువాత జోన్స్, వ్యాగనర్ ఇద్దరూ లేచారు. ఆ సభలో కూర్చున్న ఒక యువ పాస్టరు తరువాత సంవత్సరములలో వ్రాసిన జ్ఞాపకము ప్రకారము, ఇద్దరూ పక్కపక్కన బైబిళ్లు తెరచి నిలబడి, ఒకరి తరువాత ఒకరు లేఖన భాగములు చదివారు. మొత్తము పదహారు భాగములు. మధ్యలో ఒక్క వ్యాఖ్యానము లేదు. చదవడము అయిపోగానే వెళ్లి కూర్చున్నారు. నేను సెమినరీలో ఈ సంగతి విన్నప్పటి నుండి, ఎక్కడైనా చర్చ వేడెక్కితే దీనినే తలచుకుంటాను.

ప్రియులారా, ఆ సభ మంచిగా ముగిసిందని చెప్పలేను. సిద్ధాంతము మీద ఓటు వేయలేదు. స్వీడన్, నార్వే ప్రాంతములలో సేవ చేస్తున్న ఓ. ఎ. ఓల్సెన్ గారిని కొత్త అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. కొందరు సంతోషముతో ఇంటికి వెళ్లారు. కొందరు కోపముతో వెళ్లారు. ప్రతినిధులు బస చేసిన గదులలో ఆ యువకులను, ఎలెన్ వైట్ అమ్మగారిని ఎగతాళి చేసిన మాటలు ఆమె చెవిని పడ్డాయి. కోరహు, దాతాను, అబీరాముల తిరుగుబాటుతో ఆమె దానిని పోల్చారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ సభలో చర్చకు వచ్చిన విషయము ఏమిటి? మన నీతి మనది కాదు, క్రీస్తుది. మనము విశ్వాసము వలన నీతిమంతులమని తీర్చబడతాము అన్నది. దీనిని కాగితము మీద ఎవ్వరూ కాదనలేదు. స్మిత్ గారిని అడిగితే నమ్ముతున్నాను అనే చెప్పేవారు. మరి ఎందుకు అంత కష్టమయింది? నాకు తోచేది ఇది. నా నీతి నేను సంపాదించుకున్నదైతే, నేను తప్పని తేలిన రోజున నా దగ్గర ఇంకేమీ మిగలదు. ఇరవై సంవత్సరములుగా వ్రాసినది, బోధించినది, పేరు, గౌరవము అన్నీ పోతాయి. కనుక నేను తప్పని ఒప్పుకోలేను. పోరాడవలసిందే. కాని నా నీతి క్రీస్తే అయితే, నేను ఒక వచనమును పొరబాటుగా అర్థము చేసుకున్నానని ఒక కుర్రవాడు చూపించినా నాది ఏమీ పోదు. నా నీతి పరలోకములో దేవుని కుడిపార్శ్వమున కూర్చుని ఉన్నది. పొరబడ్డానని చెప్పగలిగే స్వేచ్ఛ విశ్వాసము వలన నీతిమంతుడైనవానికే ఉంటుంది. వాళ్లు కాదని తోసేస్తున్న మందే వాళ్ల జబ్బుకు మందు.

స్మిత్ గారు ఆ మందు పుచ్చుకున్నారు. రెండు సంవత్సరములకు పైగా పట్టింది. ఆయన చిన్నవాడు కాదు. మినియాపొలిస్ నాటికి 56 ఏళ్లు. బాల్యములోనే ఒక కాలు పోయినవాడు. దానియేలు, ప్రకటన గ్రంథముల మీద ఆయన వ్రాసిన వ్యాఖ్యానము ప్రతి అడ్వెంటిస్టు ఇంటిలో ఉండేది. 1891 జనవరిలో ఆయన ఎలెన్ వైట్ అమ్మగారి దగ్గరకు తానే వెళ్లి, తన తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగారు. అంతటితో ఊరుకోలేదు. బాటిల్ క్రీక్‌లో సహోదరుల యెదుట కూడా ఒప్పుకున్నారు. తరువాత ఇంకొక సంగతి జరిగింది. 1897లో రివ్యూ పత్రికకు జోన్స్‌ను సంపాదకునిగా పెట్టి, స్మిత్ గారిని ఆయన క్రింద సహాయకునిగా ఉంచారు. ఎంతో కాలము తాను నడిపిన పత్రికలో, తనను సభలో గాయపరచిన మనిషి క్రింద ఆ పెద్దాయన పని చేశారు.

గాయపరచిన అన్నాను. అదేమిటో కూడా చెప్పాలి, లేకపోతే ఈ ప్రసంగము యువకులకు కత్తి ఇచ్చినట్టు అవుతుంది. మినియాపొలిస్‌లో ఇంకొక వాదము కూడా నడిచింది. దానియేలు ఏడవ అధ్యాయములోని పది కొమ్ములలో హూణులు ఉన్నారా, అలెమన్నీ అనే జాతివారు ఉన్నారా అని. స్మిత్ గారు, ఈ జాబితా నేను కనిపెట్టినది కాదు, ముందున్న పండితులను అనుసరించాను అని నెమ్మదిగానే అన్నారు. జోన్స్ లేచి, స్మిత్ గారికి తెలియనిదానికి నన్ను నిందించకండి అన్నట్టు మాట్లాడాడు. చరిత్ర లెక్కలో జోన్స్ బాగా చదివినవాడే. అయినా అక్కడే కూర్చుని ఉన్న ఎలెన్ వైట్ అమ్మగారు, అంత పదును వద్దు అని ఆయనను మందలించారు.

ఆ పదును తరువాత ఏమైంది? జోన్స్ సంఘ నాయకులతో ఒక్కొక్కరితో తెగతెంపులు చేసుకుంటూ పోయాడు. అధ్యక్షుడే ఉండకూడదని వాదించాడు. 1907లో ఆయన పాస్టరు ఆధారపత్రము తీసుకున్నారు. 1909లో సంఘ సభ్యత్వము కూడా పోయింది. వ్యాగనర్ కుటుంబము విచ్ఛిన్నమై, ఆయన సేవ విడిచి, 1916లో మరణించాడు. గలతీ పత్రికను అంత స్పష్టముగా చూసినవాళ్లు! వాక్యము సరిగా చెప్పినవాడు వాక్యములో నిలబడతాడన్న హామీ లేదు. సెమినరీ పట్టా పుచ్చుకున్న మనము ఈ సంగతి వణకుతో చదవాలి. మా తరగతి గదిలో బట్లర్‌ను తప్పుపట్టడము అందరికీ చాలా సులువుగా ఉండేది. జోన్స్ చివరి రోజుల పేజీ వచ్చేసరికి ఎవ్వరూ పెద్దగా మాట్లాడేవారు కాదు.

ఇంతవరకు అమెరికా కథ. మన తెలుగు సంఘములకూ దీనికీ సంబంధము ఏమిటి? 1901లో బాటిల్ క్రీక్‌లో జరిగిన సభలో, కొద్దిమంది చేతులలో రాజుల వలె అధికారము ఉండకూడదని ఎలెన్ వైట్ అమ్మగారు మళ్లీ గట్టిగా పట్టుబట్టారు. ఆ సభలో యూనియన్ కాన్ఫరెన్సులు ఏర్పడ్డాయి. నిర్ణయాలు ఒక ఊరిలో ఒక గదిలో కాకుండా, పని జరిగే చోటనే జరగాలని ఉద్దేశము. ఈ రోజు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మీ ఊరి సంఘము, దాని పైన సెక్షన్ లేదా కాన్ఫరెన్స్, దాని పైన యూనియన్, హోసూరులో డివిజన్ – ఈ ఏర్పాటు అక్కడి నుండి వచ్చినదే. ఇది మంచి ఏర్పాటు. అయితే ఒక రాజును తీసివేసి పదిహేను మంది రాజులను కమిటీలో కూర్చోబెట్టవచ్చు. అందరూ ఒక ఇంటివాళ్లో, ఒక వర్గమువాళ్లో అయితే, పేరు కమిటీయే గాని పని మాత్రము పాత పనే.

మీ సంఘములో నామినేటింగ్ కమిటీ కూర్చునే రోజులు వస్తాయి. పెద్దలు, కోశాధికారి, డీకన్లు, సబ్బాతుబడి నాయకులు – పేర్లు వస్తాయి. ఇంటిలో ముందే మాట్లాడుకుని వచ్చిన పేర్లూ వస్తాయి. ఒక సంఘములో పెద్ద పదవి తన అన్నకొడుకుకు రాలేదని ఒక సహోదరుడు కానుక పెట్టె తాళపుచెవి తన దగ్గరే ఉంచుకుని, మూడు సబ్బాతులు ఆరాధనకు రాలేదు. ఆ మూడు సబ్బాతులూ ఆయన భార్య ఒక్కతే వచ్చి వెనుక వరుసలో తలవంచుకుని కూర్చున్నది. పెద్దల గొడవలలో ఎప్పుడూ ఇలా వెనుక వరుసలో కూర్చునేవాళ్లు కొందరుంటారు. అంతియొకయలో పంక్తిలో మిగిలిపోయిన అన్యజనులను గురించి ఆలోచించండి. పేతురు లేచి వెళ్లాక వాళ్లు తిన్న అన్నము వాళ్లకు ఎలా రుచించి ఉంటుంది?

ఆ కమిటీలో మీరు కూర్చుంటే ఒక్క ప్రశ్న అడగమని నా మనవి. ఈయన బాగా ప్రార్థన చేస్తారా, దశమభాగము ఇస్తారా అని మీరు ఎలాగూ అడుగుతారు. అడగండి. దానితోపాటు, గత రెండు మూడు సంవత్సరాలలో ఈయన ఎప్పుడైనా తనకంటె చిన్నవాని మాట విని తన మాట మార్చుకున్నారా అని కూడా అడగండి. ఒక్క ఉదాహరణ చెప్పమనండి. ఎవరికీ ఒక్కటీ గుర్తుకు రాకపోతే ఇంకొకసారి ప్రార్థన చేసి ఆ పేరు గురించి ఆలోచించండి.

ఇప్పటికే పెద్దగా ఉన్న సహోదరుడా, కమిటీలో నీ మాట కాదన్న ఆ కుర్రవాడు ఉన్నాడే, బైబిలు పట్టుకుని వచ్చాడా, లేక ఊరి మాటలు పట్టుకుని వచ్చాడా? బైబిలు పట్టుకుని వస్తే అతనిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వచనము చదివించు. యౌవన సహోదరుడా, నీవు చెప్పేది నిజమే కావచ్చు. పదహారు భాగములు చదివి కూర్చోగలవా? మధ్యలో ఒక్క ఎత్తిపొడుపు మాట లేకుండా?

పేతురు ఏమయ్యాడో మీకు తెలుసా? రెండవ పేతురు పత్రిక మూడవ అధ్యాయము 15, 16 వచనములు చూడండి. అక్కడ పేతురు పౌలును ప్రియ సహోదరుడని పిలుస్తాడు. ఆయనకు ఇవ్వబడిన జ్ఞానమును ఒప్పుకుంటాడు. ఆయన పత్రికలను లేఖనములతో సమానముగా చెబుతాడు. ఆ పత్రికలలో గలతీ పత్రిక ఉన్నది. దానిలో రెండవ అధ్యాయము ఉన్నది. దానిలో తన పేరూ, తన తప్పూ ఉన్నాయి.

బట్లర్ గారి సంగతి చెప్పకుండా ముగించలేను. ఆయన అధ్యక్ష పదవి విడిచి ఫ్లోరిడాకు వెళ్లి, నారింజ తోట పెంచుకుంటూ ఉండిపోయారు. భార్యకు పక్షవాతము వచ్చింది. జనరల్ కాన్ఫరెన్స్‌ను నడిపించిన ఆ మనిషి సంవత్సరముల తరబడి మంచము పక్కన ఉండి ఆమెకు సేవ చేశారు. 1893లో రివ్యూ పత్రికలో, తాను ఎదిరించిన వెలుగులో దేవుని హస్తము ఉన్నదని ఒప్పుకుంటూ వ్రాశారు. 1901లో భార్య చనిపోయారు. అప్పటికి ఆయనకు అరవై ఏడు సంవత్సరములు దగ్గర పడ్డాయి. ఇక ఆయన పని అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. కాని సంఘము ఆయనను మళ్లీ పిలిచింది. దక్షిణ ప్రాంతపు యూనియన్‌కు ఆయన అధ్యక్షుడయ్యారు. ఆయన తిరిగి రావడము చూసి ఎక్కువగా సంతోషించినవారిలో ఎలెన్ వైట్ అమ్మగారు ఒకరు. ఆయన బలము తెలిసినది ఆమెకే, ఆయన ఉత్తరముల వలన నొచ్చుకున్నది కూడా ఆమెయే.

ప్రార్థన చేసుకుందాము. మా పరలోకపు తండ్రీ, ఈ వారము కమిటీలలో కూర్చునే నీ పిల్లలను జ్ఞాపకము చేసుకొనుము. తాళపుచెవి పట్టుకుని ఇంటిలో కూర్చున్నవారిని, వెనుక వరుసలో తలవంచుకున్నవారిని నీవు ఎరుగుదువు. వారిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.